హోటల్ ఉద్యోగార్థులకు మత్తుపదార్థాల పరీక్ష: తిరుపతి, చిత్తూరు యజమానులు నియమావళి రాసుకొనే విధానం

తిరుపతి రైల్వేస్టేషన్ పరిసరాల్లోనూ, లీలామహల్ కూడలి నుంచి కరకంబాడి రోడ్డు పొడవునా, బెంగళూరు నుంచి చిత్తూరు మీదుగా చెన్నై వెళ్లే రహదారి పక్కనా ఉన్న హోటళ్లలో పనివారు తరచూ మారుతుంటారు. దోసె మాస్టర్ తమిళనాడు నుంచి, తందూరి మాస్టర్ ఉత్తరప్రదేశ్ నుంచి, క్లీనర్లు ఒడిశా, బెంగాల్ నుంచి వస్తారు. వారిని తీసుకువచ్చే మేస్త్రీకి కూడా వారి గతం పూర్తిగా తెలియదు. గంజాయి కేసుల వార్తలు పెరిగిన తరువాత కొందరు యజమానులు కొత్తగా చేరేవారికి మత్తుపదార్థాల పరీక్ష పెట్టాలని ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన ఉన్నవారు పరీక్షను న్యాయంగా, చట్టానికి లోబడి, పనికివచ్చే విధంగా ఎలా నిర్వహించాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఉద్యోగం కోసం వచ్చేవారు తెలుసుకోవలసిన సంగతులు వారి కోసమే రాసిన విడి భాగంలో ఉన్నాయి.

ముందుగా చట్టం సంగతి. హోటల్‌లో చేరేవారికి మత్తుపదార్థాల పరీక్ష తప్పనిసరిగా చేయాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. చేయకూడదని నేరుగా నిషేధించే చట్టమూ లేదు. విమానయాన రంగంలో పైలట్లు, విమాన సిబ్బంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల వంటి వారికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రత్యేక నిబంధనలు పెట్టింది గాని, అటువంటిది ఆహార రంగంలో లేదు. కాబట్టి ఎవరైనా ల్యాబ్ ఏజెంటు వచ్చి, ఫుడ్ లైసెన్సుకు ఈ పరీక్ష అవసరమని చెబితే నమ్మవలసిన పని లేదు.

ఫుడ్ లైసెన్సుకు నిజంగా అవసరమైనది వేరు. ఆహార భద్రత, ప్రమాణాల లైసెన్సింగ్ నిబంధనలు 2011లోని నాలుగవ షెడ్యూలు ప్రకారం ఆహారాన్ని తాకే ప్రతి పనివాడికీ ఏడాదికి ఒకసారి రిజిస్టర్డ్ వైద్యుడు పరీక్ష చేసి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో శరీర పరీక్ష, కంటి పరీక్ష, చర్మ పరీక్ష, టీకాల వివరాలు, అంటువ్యాధులు ఉన్నాయేమో నిర్ధారించడానికి అవసరమైన పరీక్షలు ఉంటాయి. టైఫాయిడ్ వంటి పేగు సంబంధ వ్యాధులకు టీకా వేయించిన రికార్డు ఉంచాలి. ఆ నమూనా పత్రంలో మత్తుపదార్థాల గడి లేదు. మా ప్రాంతంలో చాలా హోటళ్లు ఈ తప్పనిసరి ధ్రువపత్రాన్నే సక్రమంగా తీసుకోకుండా, లేని నిబంధన గురించి కంగారు పడటం నాకు విచిత్రంగా అనిపిస్తుంది. టైఫాయిడ్ క్రిమిని మోసే వంటవాడి వల్ల భోజనం చేసేవారికి కలిగే ముప్పు, నెల కిందట ఒకసారి గంజాయి తాగిన సప్లయర్ వల్ల కలిగే ముప్పు కంటే ఎన్నో రెట్లు పెద్దది. అందువల్ల నియమావళిలో మొదటి పేరా ఆరోగ్య ధ్రువపత్రం గురించే ఉండాలి. మత్తు పరీక్ష దాని తరువాతి మాట.

ఎవరికి పరీక్ష పెట్టాలి అనేది రెండవ నిర్ణయం. అందరికీ పెట్టడం సులభంగా కనిపిస్తుంది గాని అది ఖర్చుతో కూడుకున్నది, పైగా అనవసరం. మత్తులో ఉంటే తనకో ఇతరులకో గాయం చేయగల పనులు హోటల్‌లో కొన్నే ఉంటాయి: సరుకుల వాహనం నడపడం, బైకు మీద ఆహారం చేరవేయడం, మాంసం కోసే యంత్రం దగ్గర, తందూరి పొయ్యి దగ్గర, పెద్ద గ్యాస్ బర్నర్ల దగ్గర పనిచేయడం. ఈ పనులకు తీసుకొనేవారికి మాత్రమే పరీక్ష పరిమితం చేసి, ఆ పనికి ఎంపికైన ప్రతి ఒక్కరికీ ఒకే రీతిలో వర్తింపజేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. మన ఊరివాడైతే మినహాయించి, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడైతే పరీక్షించడం, లేదా జుట్టు పెంచుకున్న కుర్రవాడిని చూసి అప్పటికప్పుడు సీసా చేతికివ్వడం వివక్ష అవుతుంది. అటువంటి పద్ధతి ఒక్కసారి బయటపడితే మంచి పనివారు మీ హోటల్ వైపు రారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. హోటల్ వంటగదుల్లో గొడవలకు, కాలిన గాయాలకు, ఉదయం డ్యూటీకి రాకపోవడానికి కారణాలు వెతికితే గంజాయి కంటే ముందు మద్యమే కనిపిస్తుంది. మార్కెట్లో దొరికే మామూలు మత్తు పరీక్ష కిట్లలో చాలావాటికి మద్యంతో సంబంధమే లేదు. మద్యం శరీరం నుంచి కొన్ని గంటల్లోనే పోతుంది కాబట్టి, చేరే రోజు చేసే పరీక్షతో ఆ అలవాటు పట్టుబడదు. దానికి వేరే నియమం, అంటే పని వేళల్లో తాగి రాకూడదనే నిబంధన, రాసుకోవాలి. తిరుమల కొండపై హోటల్ నడిపేవారికి పరిస్థితి మరింత కఠినం. అక్కడ మద్యం, మాంసం, పొగాకు పూర్తిగా నిషేధం. అలిపిరి తనిఖీ కేంద్రంలోనే సంచులు వెతుకుతారు. కొండపైకి పంపే పనివారికి బీడీ, ఖైనీ సైతం తీసుకుపోకూడదని చేరే ముందే స్పష్టంగా చెప్పి సంతకం తీసుకోవడం మూత్ర పరీక్ష కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరీక్ష పెట్టాలనే నిర్ణయించుకున్నారనుకుందాం. దానికి చట్టం గీసిన హద్దులు మూడు నాలుగు ఉన్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. ఆ తరువాత వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒకరి సమాచారాన్ని ఏ పనికోసం తీసుకుంటున్నారో ముందే చెప్పి, ఆ పనికి మాత్రమే వాడి, అవసరం తీరాక తొలగించాలనే సూత్రం మీద నిలిచింది. అభ్యర్థి ఇంకా మీ ఉద్యోగి కాలేదు కాబట్టి, అతనికి అర్థమయ్యే భాషలో రాసిన అంగీకార పత్రం లేకుండా నమూనా తీసుకోకండి. తెలుగు, తమిళం, హిందీ, ఒడియా, బెంగాలీ ప్రతులు సిద్ధంగా ఉంచుకోవడం పెద్ద పనేమీ కాదు. చదువు రానివారికి వారి భాష తెలిసిన సహోద్యోగి చేత చదివి వినిపించి, వినిపించినవారి సంతకం కూడా తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఈ పరీక్ష చేయకండి. అసలు ఆధార్‌లో వయసు చూడకుండా కుర్రవాళ్లను వంటగదిలోకి తీసుకోవడమే పెద్ద తప్పు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను హోటల్ పనిలో పెట్టుకోవడం బాలకార్మిక చట్టం ప్రకారం నేరం.

మరొక హద్దును చాలామంది తెలియక దాటుతారు. ల్యాబ్‌లు ప్యాకేజీలు అమ్ముతాయి. మత్తు పరీక్షతో పాటు తక్కువ ధరకే హెచ్‌ఐవీ, గర్భ నిర్ధారణ వంటివి కలిపి ఇస్తామని అంటాయి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. గర్భ పరీక్షకు వంటపనితో సంబంధమే లేదు. ల్యాబ్‌తో ఒప్పందం చేసుకొనేటప్పుడు ఏయే పరీక్షలు చేయాలో పేర్లు రాసి, అవి తప్ప మరేవీ చేయకూడదని అందులోనే చేర్చండి.

నియమావళి పొడవుగా ఉండనవసరం లేదు. గోడకు అంటించే ఒక్క పేజీ చాలు. అందులోని భాష ఈ విధంగా ఉండవచ్చు: “మా హోటల్‌లో వాహనం నడిపే పనికి, మాంసం కోత యంత్రం, తందూరి పొయ్యి పనులకు ఎంపికైన ప్రతి ఒక్కరికీ చేరే ముందు ఒకసారి మూత్ర పరీక్ష ఉంటుంది. ఈ పత్రంలో పేర్లు రాసిన మత్తుపదార్థాలను మాత్రమే పరీక్షిస్తారు. ఖర్చు హోటల్‌దే. మొదటి పరీక్షలో అనుమానం వస్తే, నిర్ధారణ పరీక్ష ఫలితం వచ్చేవరకు ఏ నిర్ణయమూ తీసుకోము. ఫలితం అభ్యర్థికి, దాన్ని పరిశీలించే వైద్యుడికి తప్ప మరెవరికీ చెప్పము. పనికి తగునా కాదా అనేది మాత్రమే యజమానికి తెలుస్తుంది. పరీక్షకు ఒప్పుకోనివారిని ఈ పనులకు తీసుకోలేము, అయితే ఆ సంగతి బయట ఎవరికీ చెప్పము.” ఈ మాటల్లో ప్రతి వాక్యాన్ని మీరు నిలబెట్టుకోగలరా అని ఆలోచించి, నిలబెట్టుకోలేనిదాన్ని ముందే తీసివేయండి. ముఖ్యంగా ఖర్చు సంగతి. పరీక్ష రుసుమును మొదటి నెల జీతంలో కోసుకోవడం, లేదా మేస్త్రీ అడ్వాన్సులో సర్దడం అన్యాయం.

ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా నమూనా పత్రాలను తెలుగులోకి దించి వాడుకొనేవారు కూడా ఉన్నారు. అది ఇక్కడ పనికిరాదు. అక్కడ 1988 నాటి డ్రగ్ ఫ్రీ వర్క్‌ప్లేస్ చట్టం ప్రధానంగా ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టులు, గ్రాంట్లు పొందే సంస్థలకే వర్తిస్తుంది. మామూలు రెస్టారెంట్లు పరీక్ష పెట్టాలా వద్దా అనేది రాష్ట్ర చట్టాలను, సంస్థ విధానాన్ని బట్టి ఉంటుంది. గంజాయి పాజిటివ్ వచ్చిందనే కారణంతో ఉద్యోగం నిరాకరించడాన్ని నెవాడా 2020 నుంచి చాలా ఉద్యోగాల విషయంలో నిషేధించింది. న్యూయార్క్ 2021లో, కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుంచి అటువంటి పరిమితులే పెట్టాయి. మన దేశంలో గంజాయి 1985 నాటి మత్తుపదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్ చట్టం) కింద నిషిద్ధం. ఆ చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడకం కూడా నేరమే: కొకైన్, మార్ఫిన్, హెరాయిన్ వంటివాటికి ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మిగిలినవాటికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. అంటే మన దగ్గర ఒక చిన్న కాగితం మీది ఫలితం మనిషిని ఉద్యోగం పోవడం కంటే పెద్ద ఇబ్బందిలోకి నెట్టగలదు. గోప్యత విషయంలో మనం అమెరికా యజమాని కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన కారణం ఇదే.

పరీక్ష జరిగే తీరు

మనిషిని ఎంపిక చేసి, జీతం మాట్లాడుకొని, ఉద్యోగం ఇస్తున్నామని చెప్పిన తరువాతే పరీక్షకు పంపాలి. ఇంటర్వ్యూకి వచ్చిన పదిమందికీ పరీక్ష చేయించడం డబ్బు దండగ, పైగా అవసరం లేని తొమ్మిది మంది రహస్యాలు మీ సొరుగులో చేరతాయి. పరీక్ష మీ హోటల్ బాత్రూమ్‌లో కాక ల్యాబ్‌లో జరగాలి. మేనేజరు కిట్ కొనుక్కొచ్చి తానే పరీక్షించడం ఎంత చౌకైనా సరే వద్దు. నమూనా ఇచ్చేటప్పుడు ఎవరూ పక్కన నిలబడి చూడనవసరం లేదు. మోసాన్ని పట్టుకోవడానికి వేరే మార్గాలున్నాయి. అప్పుడే తీసిన మూత్రం ఉష్ణోగ్రత నాలుగు నిమిషాలలోపు చూస్తే 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. నీళ్లు కలిపినా, లీటర్ల కొద్దీ నీళ్లు తాగి వచ్చినా, మూత్రంలో సహజంగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం తగ్గిపోయి నమూనా పలుచబడిందని తెలుస్తుంది. పలుచబడిన నమూనా నేరానికి రుజువు కాదు. తిరుపతి ఎండలో తిరిగి వచ్చినవాడు నీళ్లు ఎక్కువ తాగడం సహజం. మరునాడు ఉదయం మళ్లీ ఇవ్వమంటే సరిపోతుంది. మహిళల నమూనాలు మహిళా సిబ్బందే తీసుకోవాలి. సీసాకు అభ్యర్థి కళ్లెదుటే సీలు వేసి, అతని సంతకంతో చీటీ అంటించాలి.

ల్యాబ్‌లో మొదట వాడేది సాధారణంగా పట్టీ పరీక్ష. దాని మీద టీహెచ్‌సీ అని ఉంటే గంజాయి, ఎంఓపీ లేదా ఓపీఐ అంటే నల్లమందు వర్గం, సీఓసీ అంటే కొకైన్, ఏఎంపీ అంటే యాంఫెటమిన్లు అనే ఉత్తేజక మందులు, బీజడ్‌ఓ అంటే నిద్రమాత్రల వర్గం. ఈ పట్టీలను చదవడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పట్టీ సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోలు స్థానంలో గీత రావడం తప్పనిసరి. పరీక్ష స్థానంలో గీత వస్తే, అది ఎంత మసకగా ఉన్నా, ఫలితం నెగటివ్. గీత అసలు రాకపోతేనే పాజిటివ్ అనుమానం. గర్భ పరీక్ష పట్టీకి అలవాటు పడిన కళ్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా చదువుతాయి. కిట్ మీద రాసిన నిమిషాల తరువాత చూసినా ఫలితం నమ్మదగినది కాదు.

పట్టీ పరీక్ష కేవలం అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. దానిలో మందును పట్టుకొనే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఆకారంలో దగ్గరగా ఉన్న వేరే మందులకూ స్పందిస్తాయి. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ యాంఫెటమిన్‌గా కనిపించవచ్చు. లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ నల్లమందు వర్గంగా కనిపించవచ్చు. విరేచనాలకు ఓఫ్లాక్సాసిన్ రాయడం మన దగ్గర ఎంత మామూలో మందుల షాపు వారికి తెలుసు. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినవారికి పాజిటివ్ రావడం తప్పు ఫలితం కాదు, ఆ మందు ఉన్నది అదే వర్గంలో. వైద్యుడు రాసిన అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర వేసుకొనే మనిషికి నిద్రమాత్రల గడి పాజిటివ్ వస్తుంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలిపిన కేసులు తెలంగాణలో పలుమార్లు బయటపడ్డాయి కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన మనిషి తనకు తెలియకుండానే ఆ మందు తీసుకొని ఉండే అవకాశమూ ఉంది. మరోవైపు, నొప్పి మాత్రగా దుర్వినియోగమయ్యే ట్రమడాల్‌ను 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి తెచ్చినా, సాధారణ ఎంఓపీ గడి దాన్ని పట్టుకోలేదు.

వంటవారి విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసినది గసగసాల గురించి. కుర్మా, మసాలా ముద్ద, కోడికూర, బిర్యానీ గ్రేవీ, ఏది తీసుకున్నా రాయలసీమ వంటింట్లో గసగసాలు తప్పవు. గసగసాల మొక్క నుంచే నల్లమందు వస్తుంది. గింజలకు ఆ పాల నుంచి అంటుకున్న మార్ఫిన్, కోడీన్ స్వల్పంగా ఉంటాయి. గింజలు చట్టబద్ధమైన సరుకే, వాటిని ఎన్‌డీపీఎస్ చట్టం నిషేధించలేదు. గసగసాలు బాగా పడిన వంటకం తిన్న మనిషి మూత్రంలో ఒకటి రెండు రోజులు మార్ఫిన్ కనిపించవచ్చు. రోజంతా రుచి చూసే మాస్టర్ సంగతి వేరే చెప్పాలా? అమెరికాలో ఫెడరల్ పరీక్షల హద్దును, అంటే ఎంత పరిమాణం దాటితే పాజిటివ్ అనాలనే గీతను, 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచడానికి ఈ గింజల వల్ల వచ్చే పాజిటివ్‌లు ముఖ్య కారణం. మార్కెట్లోని కిట్లలో 300 హద్దు ఉన్నవీ, 2,000 హద్దు ఉన్నవీ రెండూ దొరుకుతాయి. వంటవారికి 2,000 హద్దు ఉన్నదే వాడాలని ల్యాబ్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. నిర్ధారణ పరీక్షకు పంపినా మార్ఫిన్ నిజంగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది నిజంగానే ఉంది. హెరాయిన్ వాడారా లేదా అని తేల్చేది 6-ఎసిటైల్‌మార్ఫిన్ అనే వేరే పదార్థం. అది గసగసాల నుంచి రాదు. కాబట్టి నిర్ధారణ పరీక్ష కోరేటప్పుడు దాని పేరు చెప్పి అడగాలి.

నిర్ధారణ పరీక్ష అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ లేదా లిక్విడ్ క్రొమటోగ్రఫీని మాస్ స్పెక్ట్రోమెట్రీతో కలిపి, ఏ పదార్థమో కచ్చితంగా గుర్తించేలా యంత్రాలతో చేసేది. చిన్న ల్యాబ్‌లలో ఈ యంత్రాలు ఉండవు. నమూనాను పెద్ద నగరాల ల్యాబ్‌లకు పంపవలసి ఉంటుంది, కొన్ని రోజులు పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువే. ఆ ఖర్చు, ఆ ఆలస్యం భరించలేమని అనుకొనే యజమాని అసలు పరీక్షే పెట్టకపోవడం మంచిదని నా నిశ్చితాభిప్రాయం. పట్టీ పరీక్ష ఒక్కదాని మీద మనిషిని తిప్పి పంపడం కంటే, పది రోజులు పనిలో పెట్టుకొని కళ్లతో చూసి నిర్ణయించుకోవడం నయం.

ఫలితం ఏం చెబుతుందో కూడా తెలుసుకొని ఉండాలి. గంజాయి ఒక్కసారి తాగినవారిలో సుమారు మూడు రోజులు, రోజూ తాగేవారిలో కొన్నిసార్లు నెల వరకు మూత్రంలో ఆనవాళ్లు ఉంటాయి. కొకైన్, యాంఫెటమిన్లు, హెరాయిన్ రెండు మూడు రోజుల్లో పోతాయి. అంటే వాటిలో ప్రమాదకరమైనది తీసుకొని నాలుగు రోజులు ఆగినవాడు పాసవుతాడు, మూడు వారాల కిందట గంజాయి మానేసినవాడు తప్పవచ్చు. మూత్ర పరీక్ష ఏదీ ఆ క్షణంలో మనిషి మత్తులో ఉన్నాడని చెప్పదు. భంగు సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. భంగు తయారు చేసే గంజాయి మొక్క ఆకును, దానితో పూత లేకపోతే, ఎన్‌డీపీఎస్ చట్టంలోని గంజాయి నిర్వచనం నుంచి మినహాయించారు, దాన్ని రాష్ట్రాలు తమ ఎక్సైజ్ చట్టాలతో నియంత్రిస్తాయి. హోలీకి సొంత ఊరు వెళ్లి భంగు తాగి వచ్చిన తందూరి మాస్టర్‌కు టీహెచ్‌సీ పాజిటివ్ వస్తుంది. అతన్ని గంజాయి మనిషి అని ముద్ర వేయడానికి ముందు అతను చెప్పేది వినాలి.

అందుకే పాజిటివ్ వచ్చినప్పుడు ఫలితం నేరుగా మేనేజరు చేతికి కాక, ముందుగా ఒక వైద్యుడి దగ్గరకు వెళ్లే ఏర్పాటు చేసుకోండి. ఏటా ఆరోగ్య ధ్రువపత్రాలు ఇచ్చే వైద్యుడే ఈ పని చేయవచ్చు. ఆయన అభ్యర్థితో విడిగా మాట్లాడి, మందుల చీటీలు చూసి, ఏం తిన్నాడో అడిగి, ఈ పనికి తగును లేదా ప్రస్తుతం తగడు అని మాత్రమే మీకు రాసి ఇవ్వాలి. ఏ మందు, ఏ జబ్బు అనేది యజమానికి తెలియనవసరం లేదు. మానసిక సమస్యకు మందు వాడుతున్న మనిషిని ఆ మందు కారణంగా వెళ్లగొట్టడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్ఫూర్తికే విరుద్ధం. మద్యం, మత్తు వ్యసనానికి సంబంధించిన మానసిక స్థితులను కూడా ఆ చట్టం మానసిక అనారోగ్యంగానే గుర్తించింది.

తీసుకోకూడదని నిర్ణయించినప్పుడు ఆ మాట మర్యాదగా, తలుపు మూసి, యజమానే చెప్పాలి. మేస్త్రీకి, వాట్సాప్ గ్రూపులోని ఇతర హోటల్ యజమానులకు, అభ్యర్థి ఊరివారికి కారణం చెప్పకూడదు. రిపోర్టు తీసుకొని పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం నియామక పరీక్ష ఉద్దేశం కాదు. అలా చేస్తారనే పేరు వస్తే ఎవరూ నిజం చెప్పరు, అంగీకార పత్రమూ మోసమవుతుంది. సాయం కోరుకొనేవారికి దారి చూపించవచ్చు. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. వ్యసనానికి లోనైన మనిషి తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే, వాడకానికి లేదా కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసు నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. ఇది చాలామందికి తెలియదు. చికిత్స పూర్తి చేసుకొని వచ్చినవారిని మళ్లీ దరఖాస్తు చేసుకోనిస్తామని నియమావళిలో ఒక వాక్యం చేర్చితే బాగుంటుంది. వంటపని తెలిసిన చేతులు ఈ ఊళ్లలో అంత తేలికగా దొరకవు.

ఉద్యోగం కోసం వచ్చేవారికి

మీరు దరఖాస్తు చేసే హోటల్‌లో పరీక్ష ఉందా, ఏయే పదార్థాలకు, ఎవరి ఖర్చుతో అని జీతం మాట్లాడుకొనే రోజే అడగండి. అడగడం తప్పు కాదు, అనుమానానికి తావివ్వదు. ఖాళీ కాగితం మీదా, మీకు రాని భాషలో ఉన్న పత్రం మీదా సంతకం పెట్టకండి. గత రెండు వారాల్లో వాడిన మందుల పేర్లు రాసుకొని, చీటీలు వెంట తీసుకువెళ్లి, ల్యాబ్ వారికో వైద్యుడికో మాత్రమే చూపించండి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి గసగసాలు వేసిన వంటకాలు మానుకోవడం వంటవారికి క్షేమం. నమూనాను శుభ్రం చేస్తుందని ఆన్‌లైన్‌లో అమ్మే పొడులు, పానీయాలు డబ్బు గుంజుకోవడానికే. ఫలితం ప్రతిని అడిగి తీసుకోండి, తప్పు అనిపిస్తే అదే సీసాలోని నమూనాను నిర్ధారణ పరీక్షకు పంపమని రాతపూర్వకంగా కోరండి. క్రూయిజ్ ఓడల్లో, విదేశీ హోటళ్లలో చేరాలనుకొనేవారికి ఈ పరీక్ష మామూలుగా ఎదురవుతుంది. అక్కడ మన దగ్గర సులభంగా దొరికే కోడీన్, ట్రమడాల్ వంటి మందులపై కూడా కఠిన నియంత్రణలు ఉండవచ్చు కాబట్టి, బయలుదేరే ముందు వైద్యుడి చీటీ ఆంగ్లంలో రాయించుకోండి.

చేరిన తరువాత

నియామక పరీక్ష ఒక్కసారి జరిగేది. ఆ తరువాత పనివారిని ఆకస్మికంగా పరీక్షించే అధికారం దానితో మీకు రాదు. డ్యూటీలో ఉన్న మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, చేతిలో కత్తి నిలవకపోయినా పరీక్ష కోసం వేచి చూడకుండా పొయ్యి దగ్గర నుంచి పక్కకు తప్పించి, చూసిన సంగతిని తేదీ, సమయంతో ఇద్దరు రాసి పెట్టుకోవాలి. జ్వరం, చక్కెర పడిపోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ముందు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి.

చాలా హోటళ్లు పనివారికి పైఅంతస్తులోనో, వెనుక వీధిలోనో గదులు ఇస్తాయి. ఆ గదుల్లో మత్తుపదార్థాల నేరం జరుగుతోందని తెలిసి అనుమతించిన యజమానిపై ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు నమోదు కావచ్చు. నెలకు ఒకసారి, ముందే చెప్పి, ఆ గదిలో ఉండేవారి సమక్షంలోనే శుభ్రత తనిఖీ చేసి రిజిస్టరులో రాయండి. ఏదైనా పొట్లం కనిపిస్తే చేత్తో తీయకండి, కాలువలో పారవేయకండి, ఎవరిదో తేల్చడానికి పనివారిని కొట్టకండి. గది తాళం వేసి, రాష్ట్ర ప్రభుత్వ మత్తుపదార్థాల నిరోధక విభాగం ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1972కు గాని, మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు గాని సమాచారం ఇచ్చి, వారు వచ్చేవరకు మేనేజరును అక్కడే ఉంచండి.